ఆటోక్రాస్ కారుకి వింగ్, స్ప్లిటర్: రూల్‌బుక్ గీత దాటకుండా బిగించుకోవడం ఎలా

మా ఊళ్ళో ఆటోక్రాస్ జరిగే ఆదివారాల్లో ఒకరిద్దరు తెలుగువాళ్ళు కొత్తగా వస్తుంటారు. నా సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ డిక్కీ మీదున్న వింగ్, అంటే గాలి సాయంతో కారుని నేలకి నొక్కే రెక్క, చూడగానే అందరూ అడిగేది ఒకటే: "ఇది ఎక్కడ కొన్నారండీ?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీరు ఏ క్లాస్‌లో నడుపుతున్నారు?" వింగ్ ఎక్కడ కొనాలన్నది ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, అవన్నీ వరసగా రాస్తున్నాను.

ఆట సంగతి తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెబుతాను. పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, ఎయిర్‌ఫీల్డ్ కాంక్రీట్ మీదో కోన్లు పెట్టి దారి వేస్తారు. ఒక్కో కారూ విడివిడిగా గడియారంతో పోటీ పడుతుంది. కారుకి ఎంత మార్పు చేశారన్నదాన్ని బట్టి కార్లని క్లాస్‌లుగా విడదీస్తారు. ఒక రన్ సాధారణంగా నిమిషం లోపే. కోన్ పడేస్తే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. అమెరికాలో దీన్ని నడిపే సంస్థల్లో పెద్దది 1944లో మొదలైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే ఎస్‌సీసీఏ. వాళ్ళు ఈ ఆటను సోలో అంటారు. జాతీయ పోటీలు సెప్టెంబర్‌లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో జరుగుతాయి. కింద చెప్పేదంతా ఆ సోలో రూల్స్ ప్రకారమే. రూల్‌బుక్ ఏటా కొత్తగా వస్తుంది, సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏడాది మధ్యలో చేసే మార్పులు ఫాస్ట్‌ట్రాక్ అనే నెలవారీ ప్రకటనలో వస్తాయి. ఇక్కడి అంకెల్ని మీరు పోటీపడే ఏడాది పుస్తకంతో ఒకసారి పోల్చుకున్నాకే డ్రిల్ పట్టుకోండి.

మొదట: మీ క్లాస్ ఏమిస్తుందో చదవండి

సోలో రూల్స్‌కి మూలసూత్రం ఒకటుంది. పుస్తకంలో "చేయవచ్చు" అని రాసి ఉంటేనే చేయాలి. రాసి లేదంటే కుదరదని అర్థం. "వద్దని ఎక్కడా లేదు కదా" అనే వాదన ఇక్కడ చెల్లదు. మనవాళ్ళు చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

మార్పులు తక్కువ నుంచి ఎక్కువకి పోతే వరస దాదాపు ఇలా ఉంటుంది: స్ట్రీట్, స్ట్రీట్ టూరింగ్, స్ట్రీట్ ప్రిపేర్డ్, స్ట్రీట్ మాడిఫైడ్, ప్రిపేర్డ్, మాడిఫైడ్.

స్ట్రీట్‌లో కంపెనీ బిగించి అమ్మిన ఏరో (వింగ్, స్పాయిలర్ లాంటి, గాలితో పనిచేసే భాగాలు) తప్ప కొత్తగా ఏదీ తగిలించకూడదు. సుబారు ఎస్‌టీఐ కారుకి ఫ్యాక్టరీలోనే పెద్ద వింగ్ వస్తుంది, కాబట్టి దాని మీద అది సక్రమమే. దాన్నే ఊడదీసి అదే కంపెనీ మామూలు ఇంప్రెజాకి పెట్టుకుంటే అక్రమం. వింగ్ ఒకటే అయినా కారు మారేసరికి తీర్పు మారిపోయింది.

స్ట్రీట్ ప్రిపేర్డ్‌లో స్పాయిలర్ పెట్టుకోవచ్చు, వింగ్ పెట్టకూడదు. డిక్కీ చివర బిగించే స్పాయిలర్ అసలు బాడీ నుంచి ఏ వైపుకీ 10 అంగుళాలు మించి బయటికి రాకూడదు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక తలుపు పైఅంచున పెడితే ఆ హద్దు 4 అంగుళాలే. బాడీ కంటే వెడల్పు ఉండకూడదు, ఎండ్‌ప్లేట్లు, అంటే రెండు కొసల్లో నిలబెట్టే పలకలు, పెట్టకూడదు. కోణం మాత్రం మీ ఇష్టం.

స్ట్రీట్ మాడిఫైడ్‌కి వస్తే వింగ్‌కి తలుపు తెరుచుకుంటుంది. మొత్తం విస్తీర్ణం 8 చదరపు అడుగులు, అంటే 1152 చదరపు అంగుళాలు. రెక్కలు రెండు దాకా. ఎండ్‌ప్లేట్లు రెండే, ఒక్కోటి 200 చదరపు అంగుళాల లోపు. వెడల్పు కారు తలుపుల బయటి అంచు దాటకూడదు, అద్దాలూ హ్యాండిళ్ళూ లెక్కలోకి రావు. ఎత్తు రూఫ్ మీద 6 అంగుళాలు. వెనక్కి మాత్రం బాడీ చివరి అంచు కంటే 0 అంగుళాలు, అంటే ఒక్క నూలుపోగు కూడా బయటికి రాకూడదు.

స్పాయిలర్‌కీ వింగ్‌కీ తేడా ఏమిటన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. స్పాయిలర్ బాడీకి అతుక్కుని గాలికి అడ్డంగా నిలబడుతుంది. దాని ముందు గాలి నెమ్మదించి, డిక్కీ మూత మీద ఒత్తిడి పెరుగుతుంది. వింగ్‌కి పైనా కిందా రెండు వైపులా గాలి పారుతుంది, పని ఎక్కువగా చేసేది కిందివైపే. కొందరు స్పాయిలర్ కింద వేలు దూరేంత సందు వదిలేస్తారు. ఆ సందులోంచి గాలి పారిందంటే, స్పాయిలర్ వింగ్‌లా పనిచేయకూడదన్న రూల్ కింద అది తప్పు పట్టడానికి చోటిస్తుంది. రబ్బరు బీడింగ్‌తో ఆ సందు మూసేయండి, పది నిమిషాల పని.

తర్వాత: లాభం ఎంతో కాగితం మీద చూసుకోండి

గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ట్రాక్ మీద గంటకి 120 మైళ్ళ దగ్గర అద్భుతాలు చేసే వింగ్ ఆటోక్రాస్‌లో అంత చేయకపోవడానికి కారణం ఇదే. మన ఆటలో మూలమలుపులు 25 నుంచి 40 మైళ్ళ మధ్య ఉంటాయి, తిన్నని చోట 60 దాటితే గొప్ప.

లెక్క వేద్దాం. గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కిలోలు. 8 చదరపు అడుగులంటే 0.74 చదరపు మీటర్లు. వింగ్ ఆకారం ఎంత బలం పుట్టిస్తుందో చెప్పే అంకె, అంటే లిఫ్ట్ కోఎఫిషియంట్, 1.5 అనుకుందాం. 40 మైళ్ళ దగ్గర కిందికి నొక్కే బలం సుమారు 22 కిలోలు. 60 దగ్గర సుమారు 49. 120 దగ్గర 196 దాకా పోతుంది. కారు వెనక శుభ్రమైన గాలి దొరకదు కాబట్టి నిజంగా అందేది ఇంతకంటే కొంత తక్కువే. 1400 కిలోల సెడాన్‌కి 40 దగ్గర వచ్చే ఆ 22 కిలోలు ఒకటిన్నర శాతం.

అదే వేగాల్లో తిరిగే, కాలేజీ విద్యార్థులు తయారుచేసే ఫార్ములా స్టూడెంట్ కార్లని చూడండి, మంచం పట్టెంత రెక్కలు మోస్తూ ఉంటాయి. డ్రైవర్‌తో కలిపి ఆ కారు 280 కిలోలనుకుంటే ఆ 22 కిలోలే దానికి 8 శాతం. కాబట్టి కారు బరువులో అది ఎన్నో వంతు అన్నదే చూసుకోవాలి. కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీలకి వెళ్ళే విద్యార్థులకి ఈ లెక్క కొట్టిన పిండి. వాళ్ళ డైనమిక్ ఈవెంట్లలో ఆటోక్రాస్ కూడా ఒకటి.

ఇక క్లాస్ మారితే పడే మూల్యం. వేర్వేరు క్లాస్‌ల కార్లని పోల్చడానికి ప్యాక్స్ అనే ఇండెక్స్ వాడతారు, మీ టైమ్‌ని దానితో గుణిస్తారు. ఉదాహరణకి మీ పాత క్లాస్ ఇండెక్స్ 0.82, కొత్తది 0.86 అనుకోండి. పాత క్లాస్‌లో 50 సెకన్ల రన్ 41.0 అవుతుంది. అదే 41.0 కొత్త క్లాస్‌లో రావాలంటే 47.7 సెకన్లలో ముగించాలి. ఆ 2.3 సెకన్లూ ఒక్క వింగ్ తెచ్చిపెట్టదు. ఆ క్లాస్ ఇచ్చే టైర్లు, సస్పెన్షన్, టర్బో అన్నీ వాడుకుంటేనే దారి దొరుకుతుంది. ఒట్టి వింగ్ కోసం పై క్లాస్‌కి దూకకండని నేను అందరికీ గట్టిగా చెబుతాను. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుని, ఇంకో నాలుగు ఈవెంట్లకి వెళ్ళండి.

గాలి ఎక్కడ పారుతోందో కళ్ళతో చూడండి

వింగ్ కొనకముందు చేయాల్సిన ఈ పనిని దాదాపు ఎవరూ చేయరు. చేయడానికి కావాల్సినవి ఉన్ని దారం, మాస్కింగ్ టేపు. అంతే.

ముదురు రంగు కారైతే తెల్ల ఉన్ని తీసుకోండి. మూడేసి అంగుళాల ముక్కలు కత్తిరించి, వెనక అద్దం పైనుంచి డిక్కీ చివరిదాకా జానెడు జానెడు దూరంలో వరసలుగా, ఒక్కో ముక్క ముందు కొసని మాత్రం టేపుతో అంటించండి. 40, 45 మైళ్ళ వేగం అనుమతించే నేరుగా ఉన్న రోడ్డు మీద మీరు నడపండి. స్నేహితుణ్ణి పక్క లేన్‌లో కారు నడపమనండి, ఇంకొకరు అందులో కూర్చుని వీడియో తీయాలి. నడిపేవాళ్ళు ఫోన్ ముట్టుకోకూడదు.

నేను మొదటిసారి ఆ వీడియో చూసి ఆగిపోయాను. రూఫ్ చివర వరసలోని దారాలు దువ్విన జుట్టులా తిన్నగా వెనక్కి పడుకున్నాయి. అద్దం మధ్యకొచ్చేసరికి వణకడం మొదలైంది. డిక్కీ మీదవైతే గుండ్రంగా తిరుగుతున్నాయి, రెండు మూడు ఏకంగా ముందుకి తిరిగి అద్దం వైపు చూస్తున్నాయి. అంటే గాలి అద్దం మీద జారకుండా రూఫ్ దగ్గరే వదిలేసి, వెనక సుడులు తిరుగుతోంది. ఆ సుడుల్లో ఎంత ఖరీదైన వింగ్ పెట్టినా అలంకారమే. రూల్ ఇచ్చిన 6 అంగుళాల ఎత్తు వరకూ అందరూ ఎందుకు పాకుతారో అప్పుడు నాకర్థమైంది. శుభ్రమైన గాలి అక్కడే ఉంది.

వింగ్ సైజు లెక్క

విస్తీర్ణం ఎలా లెక్కించాలో రూల్‌బుక్ 12వ సెక్షన్‌లోని నిర్వచనాల్లో ఉంటుంది, ఆ పేజీ ప్రింట్ తీసిపెట్టుకోండి. స్థూలంగా ఒక్కో రెక్క పొడవుని దాని వెడల్పుతో గుణించి కలపాలి. 68 అంగుళాల పొడవు, పెద్ద రెక్క వెడల్పు 12, వెనక చిన్న రెక్క 5.5 అనుకోండి. 17.5 ఇంటూ 68 అంటే 1190. హద్దు 1152, దాటిపోయింది. పొడవు 65కి కోస్తే 1137.5, హద్దు లోపలే.

ఆ మిగిలిన 14 చదరపు అంగుళాల్ని కూడా వాడేయాలని ఆశపడకండి. పొడవు కొలత పావు అంగుళం అటూ ఇటూ అయినా ఇబ్బంది లేనంత జాగా ఉంచుకోండి. ఎండ్‌ప్లేట్ కూడా అంతే. 10 ఇంటూ 20 సరిగ్గా 200. నేను 10 ఇంటూ 18తో సరిపెట్టుకున్నాను.

వింగ్ వెనక అంచున చిన్న నిలువు పట్టీ పెడితే బలం పెరుగుతుంది. గర్నీ ఫ్లాప్ అంటారు దాన్ని. 1971లో డాన్ గర్నీ తన ఇండీ కారు మీద బాబీ అన్సర్‌తో పరీక్షించినప్పుడు పుట్టింది. పెట్టుకోవాలనుకుంటే వింగ్ కొలతలన్నీ దాన్ని కలిపే తీయండి.

బిగింపు

1969 స్పానిష్ గ్రాండ్ ప్రీలో, మోంజుయిక్ పార్క్‌లో, రెండు లోటస్ ఫార్ములా వన్ కార్ల ఎత్తైన వింగ్‌లు విరిగి, వాటి డ్రైవర్లు గ్రాహం హిల్, యోహెన్ రింట్ ఇద్దరూ ఘోర ప్రమాదాల్లో పడ్డారు. ఆ తర్వాతి మొనాకో రేసులో వారాంతం మధ్యలోనే ఆ ఎత్తైన వింగ్‌ల్ని నిషేధించారు. మన వేగాలు తక్కువైనా, కోర్స్ పక్కన కోన్లు సర్దే వలంటీర్లు నిలబడి ఉంటారు. ఊడిన వింగ్ వాళ్ళ వైపే ఎగురుతుంది. అందుకే ఈ అంచెలో నేను ఏమాత్రం రాజీపడను.

డిక్కీ మూత పలచని రేకు. నేరుగా బోల్ట్ వేస్తే మూడు ఈవెంట్లలో సొట్ట పడుతుంది. కింద 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, అరచేతికి తక్కువ కాకుండా, వేసి బిగించండి. బిగింపు కోసం బాడీకి బలం చేర్చుకోవచ్చని రూల్ అంటుంది. అయితే ఆ ప్లేటు ఇంకే పనీ చేయకూడదు, డిక్కీ మూత మామూలుగా తెరుచుకోవాలి. లాక్‌నట్లు వాడి, బిగించాక నట్టు మీదుగా రేకు మీదికి పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. నట్టు కదిలితే గీత విరుగుతుంది, దూరం నుంచే కనబడుతుంది.

బలపరీక్షకి మన ఇళ్ళలో ఎలాగూ ఉండే 20 పౌండ్ల బియ్యం బస్తాలు చాలు. వింగ్ మీద తువ్వాలు పరిచి, దాని మీద చెక్క పలక పెట్టి, ఆరు బస్తాలు సమంగా పేర్చండి. అంటే సుమారు 54 కిలోలు, మనం 60 మైళ్ళ దగ్గర లెక్కించినదానికి కాస్త పైన. వింగ్ వంగకూడదు, స్తంభాలు పక్కకి ఊగకూడదు, మూత రేకు లోపలికి పోకూడదు. బస్తాలు దించాక కొలతలు మళ్ళీ తీసి, మునుపటిలాగే ఉన్నాయో లేదో చూడండి.

ముందువైపు మర్చిపోకండి

వింగ్ వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంటుంది. దాన్ని నొక్కితే తూగుడుబల్లలా ముందుభాగం తేలికవుతుంది. ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల వెనక, వీల్‌బేస్ 2.5 మీటర్లయితే, 22 కిలోల నొక్కుడికి వెనక టైర్లకి దాదాపు 24.6 కిలోలు పెరుగుతుంది, ముందు టైర్ల నుంచి 2.6 కిలోలు పోతుంది. వేగంగా పోయే మలుపుల్లో కారు ముక్కు తిరగనని మొరాయిస్తుంది. అసలే అండర్‌స్టీర్ ఎక్కువున్న నాలాంటి కారుకి ఇది పుండు మీద కారమే.

అందుకే స్ప్లిటర్, అంటే ముందు బంపర్ కింద పడుకోబెట్టినట్టు బిగించే పలక. బంపర్ ముందు ఆగిన గాలి దాని పైభాగాన్ని నొక్కుతుంది, కింద వేగంగా జారే గాలి దాన్ని కిందికి లాగుతుంది. స్ట్రీట్ మాడిఫైడ్‌లో బంపర్ కంటే 6 అంగుళాలు ముందుకి రావచ్చు. వెనక్కి ముందు చక్రాల మధ్యగీత దాటకూడదు. పైనుంచి చూస్తే బంపర్ వెడల్పు మించకూడదు. నేలకి సమాంతరంగా, 3 డిగ్రీల తేడా లోపల ఉండాలి. అడుగు పొడవుకి 3 డిగ్రీలంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. స్ప్లిటర్ మీద గాలి పక్కకి పోకుండా ఆపే నిలువు పలకలు నిషేధం. వాటితో సహా రెడీమేడ్‌గా అమ్మే స్ప్లిటర్లు ఉన్నాయి, కొనేముందు ఫోటో పెద్దది చేసి చూడండి.

నా సలహా అర అంగుళం బర్చ్ ప్లైవుడ్. కార్బన్ ఫైబర్ చూడటానికి బాగుంటుంది గానీ స్ప్లిటర్ కోన్లని తింటుంది, తప్పదు. ప్లైవుడ్ విరిగితే శనివారం సాయంత్రం కొత్తది కోసుకోవచ్చు. నీళ్ళు తాగకుండా అంచులకి రెండు పూతల వార్నిష్ వేయండి.

కొలతల రోజు

సమతలంగా ఉన్న గ్యారేజీ నేల, టైర్లలో పోటీ రోజు గాలి, స్టీరింగ్ నేరుగా. రసమట్టం, టేపు, దారం, ఒక బరువైన నట్టు చాలు.

వెనక అంచు కొలవడానికి దారానికి నట్టు కట్టి, ఎండ్‌ప్లేట్ వెనక మూల నుంచి వేలాడదీయండి. దారం బంపర్ చివరి అంచు కంటే లోపలివైపే పడాలి. ఎత్తుకి, రూఫ్‌లో అన్నిటికంటే ఎత్తైన చోట తిన్నని అల్యూమినియం పట్టీ పెట్టి రసమట్టంతో సరిచేసి, వెనక్కి చాచి, అక్కడి నుంచి వింగ్ పైకొసదాకా కొలవండి. ఎండ్‌ప్లేట్ పైఅంచు కూడా వింగ్‌లో భాగమే.

నేను పడిన దెబ్బ ఇక్కడే చెప్పాలి. నా మొదటి వింగ్ ప్రకటనలో "క్లాస్ లీగల్" అని రాసి ఉంది, నమ్మాను. ఇంట్లో కొలిస్తే సరిగ్గానే ఉంది. రెండు వారాల తర్వాత ఈవెంట్ ఉదయం వింగ్ కోణం ఇంకొంచెం పెంచాను. నాతోపాటు అదే క్లాస్‌లో నడిపే ఒక పెద్దాయన నా కారు వెనక నిలబడి, కాసేపు చూసి, టేపు తెచ్చి నన్ను పిలిచి చూపించారు. రెక్క తిరిగినప్పుడు ఎండ్‌ప్లేట్ కింది మూల వెనక్కి జరిగి, బంపర్ అంచు దాటి అర అంగుళం బయటికొచ్చింది. ఫిర్యాదు రాయకుండా ముందే చెప్పిన ఆయన మర్యాదకి నేనిప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ రోజు వింగ్ ఊడదీసి నడిపాను. కాబట్టి మీ వింగ్‌కి ఎన్ని కోణాల రంధ్రాలుంటే అన్నింటి దగ్గరా కొలతలు తీయండి. ఏ రంధ్రం హద్దు దాటిస్తుందో దాన్ని రివిట్ వేసి మూసేయండి, టెన్షన్‌లో ఉన్నప్పుడు చెయ్యి అటు పోకుండా.

పని చేస్తోందా?

ప్రాక్టీస్ రోజున మూడు విడతలుగా నడపండి: వింగ్ లేకుండా, వింగ్‌తో, మళ్ళీ లేకుండా. మూడో విడత వదిలేస్తే మీరు చూసింది వింగ్ మహిమో, టైర్లు వేడెక్కడమో, కోర్స్ అలవాటవడమో తెలియదు. మొత్తం టైమ్ కంటే డేటా లాగర్‌లో (కారు వేగాన్ని నమోదు చేసే పరికరంలో) 45 మైళ్ళు దాటిన చోట్లు మాత్రమే చూడండి. నా కారులో తేడా బయటపడింది వేగంగా సాగే స్లాలంలో (వరస కోన్ల మధ్య అటూ ఇటూ మెలికలు తిరిగే చోట), పెద్ద స్వీపర్‌లో (పొడుగ్గా సాగే వంపులో). చిన్న హెయిర్‌పిన్‌లలో, అంటే యూ ఆకారపు మలుపుల్లో, వింగ్ ఉన్నా లేకపోయినా ఒకటే. వేగం పెరిగేకొద్దీ ముక్కు బయటికి పోతుంటే వింగ్ కోణం తగ్గించండి, వెనకభాగం తేలిపోతుంటే పెంచండి. ఒకసారికి ఒక్క మార్పే.

పోటీ రోజు, కాగితాలు

ఉదయం జరిగే టెక్ తనిఖీ భద్రత కోసం. బ్యాటరీ కదులుతోందా, చక్రం బేరింగ్ వదులుగా ఉందా, హెల్మెట్ సరైనదేనా చూసి స్టిక్కర్ వేస్తారు. ఆ స్టిక్కర్ మీ కారు క్లాస్‌కి సరిపోతుందని ఇచ్చిన హామీ కాదు. ఆ బాధ్యత పూర్తిగా మీదే. తోటి పోటీదారు ఎవరైనా రుసుము కట్టి, రూల్ నంబర్ రాసి ప్రొటెస్ట్, అంటే ఫిర్యాదు, చేయవచ్చు. ఇంజన్ లోపలి మార్పు తేల్చాలంటే విప్పాలి, ఏరో తేల్చడానికి టేపు చాలు. అందుకే జాతీయ పోటీలకి వెళ్తే ఒక ఫైల్ పట్టుకెళ్ళండి: మీ క్లాస్ ఏరో పేజీల ప్రింట్, విస్తీర్ణం లెక్క, టేపు కనబడేలా తీసిన ఫోటోలు. రూల్ రెండు రకాలుగా అర్థమవుతోందనిపిస్తే సీజన్ మొదట్లోనే ఈ రూల్స్ చూసుకునే సోలో ఈవెంట్స్ బోర్డుకి ఉత్తరం రాసి అడగండి. గ్రిడ్‌లో (కార్లు రన్ కోసం వరసలో ఆగే చోట) వాదించుకోవడం కంటే అది నయం.

ఎస్‌సీసీఏ నడిపిన క్యాన్-ఆమ్ కారు రేసుల సిరీస్‌లోనే 1970లో జిమ్ హాల్ ఛాపరల్ 2జే తెచ్చారు. వెనక రెండు ఫ్యాన్లు పెట్టి కారు కింది గాలిని పీల్చేసే కారది. మిగతావాళ్ళ అభ్యంతరాలతో ఆ ఏడాది తర్వాత దాన్ని నిషేధించారు. అంత తెలివైన కారుకే తప్పలేదు.

మన ఊరి సంగతి కూడా ఒక మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రోజూ తిప్పే కారుకి ఇవన్నీ బిగించాలనుకునేవాళ్ళు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

రన్‌ల మధ్య గ్రిడ్‌లో ఐదు నిమిషాలు దొరుకుతాయి. అప్పుడు కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, నట్ల మీది పెయింట్ గీతలు చూడండి, ఎండ్‌ప్లేట్‌ని చేత్తో కదిపి చూడండి, స్ప్లిటర్ కింద కోన్ ముక్క ఇరుక్కుందేమో వంగి చూడండి. ఏదైనా వదులుగా తగిలితే ఆ రన్‌కి వెళ్ళకుండా గ్రిడ్ వలంటీర్‌కి చెప్పి, కారు పక్కకి తీసి, స్పానర్ అందుకోండి.